పదిహేడు మందికి ఒకే సెయిలింగ్ యాట్ అద్దెకు దొరుకుతుందా?

మూడు కుటుంబాలు, పదిహేడు మంది, థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌లో ఒకే యాట్ (తెరచాపలతో నడిచే, లోపల గదులుండే పడవ) తీసుకుని వారం తిరగాలనుకుంటున్నామని అడిగారు కదా, ముందే చెప్పేస్తాను. ఒక్క పెద్ద బోటు కోసం వెతకడం మానేసి రెండు తీసుకోండి. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం 12 మందికి మించి ప్రయాణికులు ఎక్కితే అది ప్యాసింజర్ షిప్ కిందికి వస్తుంది, రూల్సన్నీ మారిపోతాయి. అందుకే అద్దె యాట్లు చాలావరకు 12 దగ్గరే ఆగిపోతాయి. ఆ లెక్కలోంచి ఏడాది నిండని పసిబిడ్డకే మినహాయింపు. "పిల్లలే కదా, ఒళ్లో కూర్చోబెట్టుకుంటాం" అంటే కుదరదు. కుదరకూడదు కూడా. 2017 నవంబరులో పవిత్ర సంగమం దగ్గర బోటు తిరగబడి 20 మందికి పైగా పోయిన సంగతి విజయవాడ వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

మేమూ విజయవాడ నుంచి దాదాపు మీ అంతమందిమే వెళ్లాం. రెండు కాటమరాన్లు, అంటే పక్కపక్కన రెండు అడుగుభాగాలుండే పడవలు తీసుకున్నాం, ఒక్కోదానికి ఒక స్కిప్పర్ (పడవ నడిపేవాడు). మామూలు సెయిల్ బోటు గాలికి ఒక పక్కకి ఒరుగుతుంది, కాటమరాన్ అంతగా ఒరగదు. మోకాళ్ల నొప్పుల వాళ్లుంటే ఇంకేం ఆలోచించొద్దు. మీకు నాలుగు గదులది ఒకటి, అయిదు గదులది ఒకటి సరిపోతాయి. స్కిప్పర్‌కు పడుకునే చోటు విడిగా ఉందో లేదో అడగండి, లేకపోతే మీ గదుల్లో ఒకటి ఆయనకు పోతుంది.

ఎవరు ఏ బోటు ఎక్కాలన్నదే అసలు పంచాయితీ. కుటుంబాల వారీగా మాత్రం పంచుకోకండి. తెల్లారకముందే లేచి కాఫీ అడిగేవాళ్లను, నీచు ముట్టనివాళ్లను ఒకదాంట్లో వేశాం. అర్ధరాత్రి దాకా పేకాడేవాళ్లు, చేపలు వేయించుకునేవాళ్లు రెండోదాంట్లో. తోటికోడళ్లు చెరొక బోటులో పడ్డారు. అది బాగా కలిసొచ్చిందని చెప్పి ఊరుకుంటాను. సాయంత్రం లంగరు వేశాక అలలు లేకపోతే రెండు బోట్లనూ పక్కపక్కన కట్టేసేవాళ్లు. అటు నుంచి పప్పుచారు గిన్నె, ఇటు నుంచి చేపల వేపుడు కమ్మీల మీదుగా చేతులు మారేవి.

నీళ్ల గురించి అందరికీ ముందే గట్టిగా చెప్పండి. మా ట్యాంకులో ఏడు వందల లీటర్లు పట్టేవి. మనిషికి రోజూ ఒక బకెట్ చొప్పున పోసుకున్నా పదిమందికి రెండొందలు అయిపోతాయి, వంటా గిన్నెలూ అదనం. టాయిలెట్‌లో పేపర్ గానీ, పిల్లల డైపర్లు గానీ పడితే పంపు మొరాయిస్తుంది. గట్టి సూట్‌కేసులు పెట్టడానికి చోటుండదు, బీసెంట్ రోడ్డులో మడతపెట్టే బ్యాగులు కొనుక్కోండి.

డబ్బు విషయంలో చెప్పిన అద్దె చూసి లెక్క వేసుకోవద్దు. డీజిల్, స్కిప్పర్ జీతం, ఆయన తిండి, నేషనల్ పార్క్ ఫీజులు చాలాసార్లు విడిగా ఉంటాయి. మాకు మొదట కొటేషన్ ఇచ్చిన ఏజెంటు ఇవేవీ రాయకుండా తక్కువ రేటు చూపించాడు. ఒక్కోటీ అడుగుతుంటే అంకె పెరుగుతూ పోయింది, ఆయన్ని వదిలేశాం. డిపాజిట్ కోసం క్రెడిట్ కార్డులో పెద్ద మొత్తం బ్లాక్ చేస్తారు, విదేశీ వాడకం ఆన్‌లో ఉందో, లిమిట్ సరిపోతుందో బయల్దేరే ముందే చూసుకోండి.

పున్నమి ఘాట్ నుంచి భవానీ ద్వీపానికి వెళ్లొస్తే ఏం కాలేదు కదా అని ధైర్యపడకండి, సముద్రం వేరు. కడుపులో తిప్పకముందే అవోమిన్ మాత్ర వేసుకోవాలి, మొదలయ్యాక పెద్దగా పని చేయదు. పిల్లలకైతే డాక్టర్ని అడిగే ఇవ్వండి. తిప్పుతున్నప్పుడు లోపలే ఉంటే చాలామందికి ఇంకా ఎక్కువవుతుంది, బయట కూర్చుని దూరంగా చూడమనండి.

వేసవి సెలవుల్లో, మే నెలలో వెళ్లాలనుకుంటే వద్దనే అంటాను. అప్పటికి అక్కడ నైరుతి గాలులు, వానలు మొదలవుతాయి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా బాగుంటుంది. సంక్రాంతి సెలవులు సరిగ్గా అందులోకే వస్తాయి, కాకపోతే అప్పుడు గిరాకీ ఎక్కువ. దసరా లోపే అడ్వాన్స్ కట్టేయండి.