వ్యాన్ ఆగిన చోటుతో కథ ఆపొద్దు

తమ్ముడూ,

వరద ఊళ్లలో తిరిగే మెడికల్ వ్యాన్ గురించి నువ్వు రాసి పంపిన కథనం చదివాను. వాన, వరద బాగానే వచ్చాయి. కానీ వ్యాన్ యానాది గిరిజనుల కాలనీకి చేరేసరికి "వైద్యులు సేవలందించారు" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అసలు సంగతంతా అక్కడే ఉందయ్యా.

2021 నవంబరులో స్వర్ణముఖి పొంగి, తిరుపతి వీధులు ఏరులైపోయి, రాయలచెరువు కట్ట ఎక్కడ తెగుతుందోనని కింది ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు కూడా మనవాళ్లు నీళ్ల గురించే రాశారు. నీళ్లు తీశాక మొదలయ్యే జబ్బుల గురించి నువ్వు రాయి.

వ్యాన్ పక్కన నిలబడి చూడు. రోజుల తరబడి బురదలో నాని వేళ్ల సందులు ఒరిసిపోయిన కాళ్లు, విరేచనాలు, జ్వరాలు. బీపీ, షుగరు మాత్రలు ఇంటి సామానుతో పాటే కొట్టుకుపోయినవాళ్లు. ఏ మాత్ర వాడేదానివని అడిగితే ముసలమ్మ "పొద్దున తెల్లది, రాత్రికి చిన్న పచ్చది" అంటుంది. చీటీ లేదు, డాక్టరు మొదట్నుంచీ అన్నీ చూసుకు రావాల్సిందే. ఆ మాట ఆమె చెప్పినట్టే రాయి.

జ్వరమని వచ్చినవాడి పిక్కలు డాక్టరు ఎందుకు నొక్కి చూస్తున్నాడో అడుగు. ఎలుక జ్వరం అనుమానం, అందులో పిక్కలు నొక్కితే నొప్పెడతాయి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లు కాలి పుండులోంచి ఒంట్లోకి దిగితే వస్తుందది, ముదిరితే కామెర్లు, కిడ్నీలకు దెబ్బ. చేపలు పట్టి, పొలాల్లో ఎలుకలు పట్టి బతికే మనిషిని నీళ్లలో దిగొద్దంటే తినేదేమిటి? ఆ పుండుకీ, ఈ జ్వరానికీ, వాడి కూటికీ ఉన్న ముడి చూపిస్తే చాలు, జాలి పుట్టించే విశేషణాలు ఒక్కటీ అక్కర్లేదు, ఉన్నవి కూడా కొట్టెయ్యి.

"నీళ్లు కాచి తాగండమ్మా" అని నర్సమ్మ చెప్తుంది, మంచిదే, కానీ పొయ్యి దగ్గరికి వెళ్లి చూడు, కట్టెలన్నీ తడిసి ముద్ద. క్లోరిన్ మాత్రలు పంచేది అందుకే. ఓఆర్ఎస్ పొడి లీటరు నీళ్లలో కలపాలంటారు, లీటరు పట్టే గిన్నె ఆ గుడిసెలో మిగిలిందా అన్నది కూడా నీ కథే.

అన్నిటికంటే ముఖ్యం, వ్యాన్ దగ్గరికి రానివాళ్లు. వ్యాన్ పగలొస్తుంది, కూలికి పోయినవాళ్లు పొద్దు గూకితే గానీ రారు. ఆధార్ కార్డు పోయింది, అడుగుతారేమోనని జంకేవాళ్లుంటారు. తారు రోడ్డు అయిపోయిన చోట వ్యాన్ ఆగిపోతుంది, గుడిసెలేమో చెరువుకట్టకు అవతల. ఎవరు మంచం దిగలేకున్నారో ఆశా కార్యకర్తకు తెలుసు, ఆమె వెంట నడువు. ఎవరి జబ్బూ పేరు పెట్టి రాయొద్దు, అడక్కుండా ఫోటో తీయొద్దు.

ఆదివారం మళ్లీ వెళ్తున్నావు కదా, సాయంత్రం దాకా ఉండు. రాసింది ఎంత పొడుగున్నా పంపు, చదువుతాను.

మీ అన్న