బిడ్డా, ముందు వాళ్ల వంటింట్లో ఏముందో చూడు

చిరంజీవి శ్రావణికి,

మీ అత్తమ్మ ఆశీర్వదించి రాయునది. నువ్వు హైదరాబాద్ ఉద్యోగం మానేసి హనుమకొండకు వచ్చేస్తున్నావట. క్యాన్సర్ వైద్యం ముగించుకుని ఇల్లు చేరిన పెద్దవాళ్ల దగ్గరికి ఊరూరా తిరిగి వాళ్ల తిండి సంగతి చూస్తావట. మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. వాడి టెన్షనంతా నీ జీతం గురించి. నాకు ఆ బెంగ లేదు. మన ఇంట్లోంచి ఒక పిల్ల ఈ పనికి పూనుకుందంటే గుండె నిండింది. కానీ నర్సుగా వార్డుల్లోనే తల నెరిసినదాన్ని, భయమూ వేసింది. అందుకే ఈ ఉత్తరం.

తెలిసిన సంగతులు ముందు చెప్పేస్తాను. బరువు చూసే మిషన్ వెంట ఉంచుకో. డిశ్చార్జి కాగితాలు చదవకుండా నోరు తెరవకు. షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నాయేమో అడుగు, ఉంటే వాళ్ల లెక్క వేరు. పసరు మందులేవైనా వాడుతుంటే కోప్పడకుండా తెలుసుకుని డాక్టర్‌కు చెప్పించు.

ఇక మీ పెద్దత్త సంగతి. నువ్వప్పుడు చిన్నదానివి, నీకెవరూ సరిగ్గా చెప్పి ఉండరు.

అక్కకు దవడ క్యాన్సర్ వచ్చింది. హైదరాబాద్‌లో ఒక పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసి, తర్వాత కరెంటు, అదే రేడియేషన్, పెట్టారు. పంపించేటప్పుడు చేతిలో ఒక డైట్ కాగితం పెట్టారు. ఇంగ్లీషులో ఉంది. ఓట్స్, బ్రోకలీ, ఆలివ్ ఆయిల్. పరకాల పక్క పల్లెలో ఉండే మనిషికి! ఏం తింటావమ్మా, ఎవరు వండుతారు, నోరు ఎంత తెరుచుకుంటుంది అని అడిగినవాళ్లు లేరు. మీ పెద్దమామ ఆ కాగితాన్ని పొలం పట్టాల సంచిలో భద్రంగా దాచాడు. తర్వాత వాడకట్టు వాళ్లంతా తలా ఒక మాట చెప్పారు. గుడ్డు తింటే పుండు చీము పడుతుందన్నారు. పప్పు వాతమన్నారు, పెరుగు చలువన్నారు. మాంసం మాటే ఎత్తొద్దన్నారు. చివరికి అక్కకు మిగిలింది మెత్తగా పిసికిన అన్నం, పలచటి చారు, బీరకాయ.

మీ పెద్దమామ ఆమెకు కడుపు మాడ్చాలని చేశాడా? కాదు. ఆమె తినంది తానూ తినకూడదని ఆయన కూడా కూర మానేశాడు. కొట్టంలో పాడి బర్రె, వాకిట్లో కోళ్లు, గరిశెలో పల్లీలు. అన్నీ ఉండగానే అక్క ఎండిపోయింది. మంచిగ తింటున్నదా అని ఎవరు ఫోన్ చేసినా, తింటున్నది అనే చెప్పేవాళ్లు. అది అబద్ధం కాదు, రెండు పూటలా అన్నం తింటూనే ఉంది. గాజులు మోచేతి దాకా జారుతున్నా క్యాన్సర్ మనిషి అంతేలే అనుకున్నారు. చెకప్‌కు వెళ్తే జబ్బు ఆనవాలు లేదన్నారు. ఇంటిల్లిపాదీ సంతోషపడ్డారు. ఆ తర్వాత కొన్నాళ్లకే తెల్లవారుజామున వాకిట్లో కూలబడిపోయింది. కాళ్లలో కండ లేదు. తుంటి ఎముక విరిగి మంచం పట్టిన మనిషి మళ్లీ లేవలేదు. ఆమెను తీసుకుపోయింది క్యాన్సర్ కాదు బిడ్డా.

అందుకే చెబుతున్నాను, ముందే అచ్చు వేయించిన డైట్ చార్ట్ నీ బ్యాగులో కనిపిస్తే ఊరుకోను. ఇంటికి వెళ్లగానే తింటున్నారా అని అడగకు. నిన్న పొద్దుటి నుంచి నోట్లో ఏమేం పడింది, ఎంత పడింది అని అడుగు. వంట చేసే కోడలితో విడిగా మాట్లాడు. ఆరు నెలల్లో బరువు 5 శాతం మించి తగ్గితే, అంటే 40 కిలోల మనిషి 38 కంటే కిందికి దిగితే, వయసు మీద నెట్టేసి ఊరుకోకూడదు. డాక్టర్ దగ్గరికి పంపాల్సిందే.

కిలో బరువుకు 1 గ్రాము పైన, వీలైతే 1.5 గ్రాముల వరకు ప్రోటీన్ కావాలని నువ్వు చదువుకున్నదే. ఆ లెక్కను వాళ్లకు తెలిసిన తిండిలోకి తేవడమే నీ పని. ఒక గుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలలో ఇంచుమించు అంతే, గుప్పెడు పల్లీల్లో ఇంకాస్త ఎక్కువ. జొన్న రొట్టె నమలలేని వాళ్లకు జొన్న రవ్వతో మెత్తగా వండే గటకలో పెరుగు కలిపించు, అంబలిలో పల్లీల పొడి వేయించు. బతుకమ్మ పండక్కి చేసే పల్లీల సత్తు, నువ్వుల సత్తు పాలలో తడిపి పెడితే పళ్లు లేనివాళ్లు కూడా ఇష్టంగా తింటారు. అవి పండగనాడే చేయాలని ఎక్కడా లేదు. నోట్లో పుండ్లుంటే పచ్చిపులుసు, పుంటికూర (గోంగూర) మండుతాయి, అవి కొన్నాళ్లు ఆపి పెసరపప్పు, ముళ్లు తీసిన కొరమీను మెత్తగా వండించు.

ఒక్కపొద్దు మానెయ్యమని మాత్రం అనకు. అన్నావంటే మళ్లీ ఆ గడప తొక్కనివ్వరు. ఆ రోజు పాలు, పండ్లు, ఉడకబెట్టిన పల్లీలు తినొచ్చా అని వాళ్లనే అడుగు, దారి వాళ్లే చెబుతారు. షుగర్ మాత్రలు వాడేవాళ్లయితే డాక్టర్‌ను అడగందే ఉండొద్దని గట్టిగా చెప్పు. రంజాన్‌లో రోజా ఉండే ముసలివాళ్లకు జబ్బు మనిషికి మినహాయింపు ఉందని వాళ్ల పెద్దమనుషులతోనే చెప్పించు. అన్నిట్లో మెత్తగా ఉండు కానీ గుట్కా, తంబాకు, చుట్ట, కల్లు విషయంలో మెత్తబడకు.

తిండి ఒక్కటే చూసి వచ్చేయకు. నోటికి, గొంతుకు కరెంటు పెట్టించుకున్నవాళ్లు ఏళ్లు గడిచినా సరే, ఆ సంగతి చెప్పకుండా పన్ను పీకించుకోకూడదు. దవడ ఎముక మానక పుచ్చిపోయే ప్రమాదం ఉంది. కొన్ని కీమో మందుల తర్వాత అరికాళ్లు మొద్దుబారతాయి. ముల్లు గుచ్చుకున్నా తెలియదు, చెప్పుల్లేకుండా పొలం వెళ్లనివ్వకు. రొమ్ము క్యాన్సర్‌కు లెట్రోజోల్ మాత్రలు మింగే ఆడవాళ్లకు ఎముకలు పలచబడతాయి, విటమిన్ డి సంగతి, ఎముకల పరీక్ష సంగతి డాక్టర్‌ను అడగమను. 100 గ్రాముల తైదల్లో, అంటే రాగుల్లో, 340 మిల్లీగ్రాముల పైనే క్యాల్షియం ఉంటుంది, ఆ అంబలి మనవాళ్లకు కొత్తేమీ కాదు. పొద్దున సాయంత్రం ఎవరినైనా తోడు పెట్టి నడిపించు. కాళ్లలో బలం తిండితో సగమే వస్తుంది. చెకప్‌కు వెళ్లడానికి ఖర్చని ఆగిపోయే అవ్వలకు ఆధార్ కార్డు చూపిస్తే ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కు డబ్బులు కట్టక్కర్లేదని గుర్తు చెయ్యి.

ఇంకో మాట. జగిత్యాల వైపు వెళ్తే కొడుకులు గల్ఫ్‌లో ఉండి, ఒంటరిగా ఉండే ముసలివాళ్లు ఎదురవుతారు. ఒక్కరికోసం పొయ్యి ముట్టించబుద్ధి కాక సగం రోజులు టీ, బిస్కెట్లతో సరిపెడతారు. వాళ్లకు నువ్వు చెప్పే కూర పేరు కంటే, కలిసి తినే మనిషి కావాలి. పక్కింటి వాళ్లతో మాట్లాడి ఒక పూటైనా అక్కడ కూర్చుని తినేలా చూడు. వాళ్లు నీకు అన్నం పెడితే కాదనకు, వాళ్ల పక్కన కూర్చుని తిను. ఎంత తింటున్నారో అప్పుడే కళ్లారా కనిపిస్తుంది.

మధ్యాహ్నం తిండి మానేసి తిరిగావని నాకు తెలిసిందో, మీ నాన్నకంటే ముందు నేనే వచ్చి కూర్చుంటాను. పొద్దు గుంకేలోపు బస్సెక్కు. వచ్చే ఆదివారం మా ఇంటికి రా, పరకాల మండలంలో నాకు తెలిసిన ఆశా వర్కర్లకు ఫోన్ చేసి నిన్ను పరిచయం చేస్తాను. నోట్‌బుక్ తెచ్చుకో.

మీ అత్తమ్మ