పర్లాకిమిడి ఇంట్లో మూడు టైములు

"గోడ గడియారాలు రాకముందు మన ఇళ్లలో టైము ఎలా తెలిసేది? మా తాతగారి లోలకం గడియారం అటక మీద ఉంది, దాన్ని మళ్ళీ నడిపించవచ్చా?" అని అడిగారు. మాది ఒడిశాలో గజపతి జిల్లా పర్లాకిమిడి. తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువాళ్ళం. మా ఇంట్లో చూసినదీ, పెద్దవాళ్ళ దగ్గర విన్నదీ చెబుతాను.

గడియారం రాగానే పాత లెక్కలు మూలపడ్డాయని చాలామంది అనుకుంటారు. మా ఊళ్ళో అలా జరగలేదు. ఒకే ఇంట్లో పొద్దు టైము, రైలు టైము, పంచాంగం టైము మూడూ చాలాకాలం కలిసి నడిచాయి. ఏ పనికి ఏది చూసుకోవాలో మా మామ్మకి ఎవరూ చెప్పక్కర్లేకపోయేది.

తెల్లవారుజామున తొలికోడి కూత, ఆకాశంలో కనిపించే రోజుల్లో వేగుచుక్క. కార్తీకమాసంలో పిల్లలకోడి (కృత్తికల చుక్కల గుంపు) పడమట దిగిపోతే తెల్లారబోతోందని తెలిసేది. పగలు మా వీధి అరుగు స్తంభం నీడ ఏ రాయి దాకా వచ్చిందో చూసి అన్నం వార్చేవారు. ఆ నీడని తక్కువ చేసి చూడకండి. సూర్యుడి లెక్కలో అది గడియారం కన్నా నిజం. మన ఐఎస్‌టీ, అంటే దేశమంతా వాడే భారత ప్రామాణిక కాలం, 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. పర్లాకిమిడి దాదాపు 84 డిగ్రీల మీద ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున మాకు పొద్దు ఆరు నిమిషాలు ముందు. దీనికి తోడు భూమి సూర్యుడి చుట్టూ ఒకే వేగంతో తిరగదు, దాని ఇరుసు కూడా వంగి ఉంటుంది. అందుకని మా ఊళ్ళో సూర్యుడు నడినెత్తికి వచ్చేది నవంబర్ మొదట్లో సుమారు 11:38కి, ఫిబ్రవరి నడుమ సుమారు 12:08కి. అంటే ఏడాదిలో అరగంట తేడా! గడియారం ఒక్కటే చూసేవాళ్ళకి ఇది ఎప్పటికీ తెలియదు.

ఇక పంచాంగం లెక్క. రోజుకి 60 ఘడియలు, ఘడియకి 24 నిమిషాలు. ఏడున్నర ఘడియలు ఒక జాము. సూర్యోదయం నుంచి లెక్క మొదలు. వెనకటి రోజుల్లో అడుగున సన్నటి చిల్లు ఉన్న రాగి గిన్నెని నీళ్ళ మీద వదిలేవారు. అది నిండి మునిగితే ఒక ఘడియ. మా పక్కింటి ఒడియావాళ్ళు ఆ 24 నిమిషాలనే దండ అంటారు. పేరు వేరైనా కొలత ఒకటే కాబట్టి రెండిళ్ళ ఆడవాళ్ళూ మంచి చెడ్డలు మాట్లాడుకునేటప్పుడు ఎప్పుడూ తేడా రాలేదు.

మా ఊరికి గంటలు, నిమిషాలు బాగా అలవాటైంది రైలు వల్లే అని నా నమ్మకం. నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు 1900లో మొదలైంది. అప్పుడు మేము మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవాళ్ళం. ఒడిశాలో కలిసింది 1936లో. ఆ రోజుల్లో రైళ్ళు మద్రాసు టైముతో నడిచేవి. అది గ్రీనిచ్‌కి 5 గంటల 21 నిమిషాలు ముందు. అంటే మా ఊరి పొద్దుకి, రైలు టైముకి పావుగంట తేడా. 1906 జనవరి 1న ఐఎస్‌టీ వచ్చాక ఆ తేడా ఆరు నిమిషాలకి దిగింది. బ్రాడ్‌గేజ్ కాకముందు ఆ చిన్న రైలు కూత వినే పొయ్యి మీద ఎసరు పెట్టే ఇళ్ళు మా వీధిలో ఉండేవి. బండి లేటైతే వంట కూడా లేటు.

మా తాతయ్య బరంపురం నుంచి గోడ గడియారం తెచ్చింది రెండో ప్రపంచ యుద్ధానికి ముందు. జపాన్‌ది, డయల్ మీద సీకోషా అని ఉంటుంది. తాతయ్యకి ఆఫీసు టైము కోసం కావాలి. వీధికి మాత్రం అది అందరి గడియారం. "టైమెంతయిందో చూసి రా" అని పిల్లల్ని మా ఇంటికి పంపేవారు. నిజానికి రానక్కర్లేదు, గంటలు వీధి చివరిదాకా వినబడేవి. గంటకొకసారి అన్ని దెబ్బలు, అరగంటకి ఒకటి, రోజు మొత్తానికి 180 దెబ్బలు. రాత్రి నిద్ర పట్టనివాళ్ళకి మాత్రం పన్నెండున్నర, ఒంటిగంట, ఒకటిన్నర మూడూ ఒకేలా వినబడతాయి. రెండు కొట్టేదాకా ఆ గంటన్నర ఎంతకీ తెమలదు.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇప్పుడు చెబుతాను. మీ ఇంట్లో పాత జాతకాలు ఉంటే ఇది తప్పకుండా చూడండి. రెండో ప్రపంచ యుద్ధంలో 1942 సెప్టెంబర్ 1 నుంచి 1945 అక్టోబర్ 15 దాకా దేశమంతా గడియారాలు ఒక గంట ముందుకి తిప్పి ఉంచారు. మామ్మ దాన్ని "యుద్ధం టైము" అనేది. మా పెద్దత్త 1943 జనవరిలో, పుష్యమాసం చలిలో పుట్టింది. తాతయ్య గడియారం చూసి పుస్తకంలో ఉదయం 6:50 అని రాశారు. అత్తయ్య పెళ్ళి సంబంధాల రోజుల్లో ఆ కాగితం చూసి ఒక సిద్ధాంతిగారు లగ్నం కట్టారు. మామ్మ ఒప్పుకోలేదు. "పిల్ల పుట్టేటప్పటికి ఇంకా పొద్దు పొడవలేదు, చీకటిలో దీపం పట్టుకుని నేనే కదా ఉన్నాను" అంది. మా ఊళ్ళో జనవరిలో సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో. 6:50 అంటే తెల్లారిపోయినట్టే. కానీ యుద్ధం టైము గంట తీసేస్తే 5:50, చీకటే. మన లెక్కలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది కాబట్టి లగ్నమే కాదు, వారం కూడా మారిపోతుంది. మామ్మ జ్ఞాపకం, గడియారం రెండూ నిజమే. మధ్యలో ఉన్న ఆ గంట సంగతి సిద్ధాంతిగారికి చెప్పినవాళ్ళు లేరు. జాతకాల మీద మీకు నమ్మకం ఉన్నా లేకపోయినా, ఆ మూడేళ్ళలో పుట్టినవాళ్ళ టైము పక్కన ఈ మాట రాసిపెట్టండి. ఆ రోజులు చూసినవాళ్ళు ఇప్పుడు చాలా కొద్దిమందే మిగిలారు.

సరిహద్దు జిల్లాలవాళ్ళకి ఇంకో ఇబ్బంది ఉంది. మేము కొనే తెలుగు పంచాంగాలు ఎక్కువగా ఆంధ్రా ఊళ్ళ సూర్యోదయంతో గుణించినవి. విజయవాడ కన్నా మాకు పొద్దు దాదాపు 14 నిమిషాలు ముందు, హైదరాబాదు కన్నా 22 నిమిషాలు ముందు. తిథి ముగిసే టైము గంటల్లో ఇస్తే అది ఎక్కడైనా ఒకటే. రాహుకాలం, లగ్నం మాత్రం ఊరిని బట్టి జరుగుతాయి. మా పురోహితుడుగారు పెళ్ళి ముహూర్తానికి ఈ తేడా సరిచూశాకే ఒప్పుకుంటారు. అటు మహారాష్ట్రలోని సిరొంచ వైపు తెలుగువాళ్ళకి ఇదే లెక్క తిరగబడుతుంది, వాళ్ళకి పొద్దు ఐఎస్‌టీ కన్నా పది నిమిషాలు వెనక.

తర్వాతి కథ అందరికీ తెలిసిందే. అలారం టైంపీసు, ఆకాశవాణి వార్తల ముందు వచ్చే బీప్‌లు, నాన్న చేతికి హెచ్ఎంటీ. ఆ తర్వాత గుజరాత్‌లోని మోర్బీ నుంచి చవక క్వార్ట్జ్ గడియారాలు. వాటి లోపల చిన్న స్ఫటికం సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది. తేడా తక్కువ, కీ ఇచ్చే పని లేదు. అయినా నాకు లోలకం గడియారమే ఇష్టం. దాని ఆరోగ్యం చెవికి తెలుస్తుంది.

మీ తాతగారి గడియారం నడుస్తుంది, ముందే నిరాశపడకండి. తెలిసినవాళ్ళు శుభ్రం చేసేదాకా కీ తిప్పకండి. లోపలి స్ప్రింగులు చాలా బలమైనవి, వాటి బిగువు దించకుండా మరలు విప్పితే చేతికి దెబ్బ తగులుతుంది. మా వైపు కొందరు కొబ్బరినూనె వేస్తారు. అది కొన్నాళ్ళకి జిగురైపోయి ఇరుసులు పట్టేస్తుంది. గడియారాల నూనె ఇరుసు చివర్లలో ఒక్కో చుక్క చాలు, పళ్ళకి అక్కర్లేదు. గోడకి తగిలించాక టిక్కుకీ టక్కుకీ మధ్య ఎడం సమానంగా వినబడాలి. లేకపోతే పెట్టెని కింద నుంచి కొద్దికొద్దిగా పక్కకి జరుపుతూ వినండి. డయల్ మీద రెండు కీ రంధ్రాలుంటే ఒకటి నడకకి, ఒకటి గంటలకి, రెండింటికీ వారానికోసారి ఒకే రోజు కీ ఇవ్వండి. ముళ్ళు వెనక్కి తిప్పకండి. వేసవిలో లోలకం కడ్డీ సాగి కాస్త వెనకపడుతుంది, పది డిగ్రీల వేడికి రోజుకి ఐదారు సెకన్లు. అంతకన్నా ఎక్కువ తేడా వస్తే బిళ్ళ కింద ఉన్న మరని చూడండి. పైకి బిగిస్తే వేగం పెరుగుతుంది, కిందికి వదిలితే తగ్గుతుంది. సగం చుట్టు తిప్పి ఒక రోజంతా ఆగి చూశాకే మళ్ళీ ముట్టుకోండి.