ఆఫ్రికా ఆడవాళ్ళకి విలువ తెచ్చింది తెల్లవాళ్ళేనా?

"ఆఫ్రికాలో ఆడవాళ్ళకి గౌరవం నేర్పింది బ్రిటిష్ వాళ్ళూ మిషనరీలే కదా?" అని అడిగారు. కాదండీ. ఆఫ్రికా అంతా నేను చూడలేదు. నైజీరియాలోని ఆబాలో నాలుగేళ్ళు ఓ సబ్బుల కంపెనీలో లెక్కలు రాశాను. ఆ మాత్రం చాలు.

చేరిన కొత్తలో బాకీ వసూలుకి అరియారియా మార్కెట్‌కి వెళ్ళాను. కొట్లో 60 దాటిన పెద్దావిడ ఉంది. "మీ ఆయన లేరా?" అన్నాను. పక్క కొట్లవాళ్ళు కూడా నవ్వారు. ఆవిడ నవ్వలేదు. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, "సరుకు నాది, అప్పు నాది, మధ్యలో ఆయనెందుకు? తెల్లవాళ్ళూ ఇలాగే మొదలెట్టారు" అంటూ 1929 కథ ఎత్తుకుంది. ఆ పూటకి బాకీ గోవిందా.

ఆబా చుట్టుపక్కల ఉండేది ఇగ్బో జాతివాళ్ళు. వాళ్ళ ఊళ్ళలో ఆడవాళ్ళ సభలు వేరుగా ఉండేవి. బజారు కట్టుబాట్లు వాళ్ళవే. ఎవడైనా పెళ్ళాన్ని హింసిస్తే అందరూ వాడింటి మీదికి పోయి, తిట్టు పాటలు పాడుతూ రోకళ్ళతో గోడలు బాదేవారు, వాడు దారికొచ్చేదాకా. దీన్ని మగాడి మీద కూర్చోవడం అంటారు. బ్రిటిష్ వాళ్ళకి ఈ సభలు కనపడనే లేదు. పెద్దమనిషంటే మగాడే అనుకుని, వారంట్లనే నియామక పత్రాలిచ్చి మగాళ్ళనే చీఫ్‌లుగా కూర్చోబెట్టారు. 1928లో మగాళ్ళ మీద పన్ను వేశారు. మరుసటేడు నవంబరులో ఒలోకో అనే ఊళ్ళో చీఫ్ పంపిన మనిషొకడు న్వాన్యెరువా అనే ఆవిడ ఇంటికొచ్చి, మేకలెన్ని, మనుషులెందరు అని అడిగాడు. "మీ అమ్మని లెక్కపెట్టారా?" అందావిడ. ఇక ఆడవాళ్ళకీ పన్నేనని తాటాకుల్లాంటి పామ్ ఆకులతో ఊరూరా కబురెళ్ళింది. వేలమంది కదిలి, ఆ చీఫ్‌లు తీర్పులు చెప్పే నేటివ్ కోర్టులు తగలబెట్టారు. కాల్పుల్లో 50 మందికి పైగా ఆడవాళ్ళు చనిపోయారు. దొరల కాగితాల్లో అది "ఆబా అల్లర్లు". అక్కడివాళ్ళకి ఆడవాళ్ళ యుద్ధం.

అంతకుముందు అంతా స్వర్గమనీ అనను. కూతురికి తండ్రి ఆస్తి ఇవ్వని ఇగ్బో ఆచారం చెల్లదని 2014లో నైజీరియా సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

ఇంకోటి. ఆదివారం భోజనాల్లో మనవాళ్ళకి ఒకటే జోకు, "వీళ్ళకి హీ, షీ తేడా తెలీదు" అని. ఇగ్బోలో ఇద్దరికీ ఒకటే మాట మరి. మనకి ఆవిడా "వచ్చింది", బస్సూ "వచ్చింది". ఎవర్ని చూసి ఎవరు నవ్వాలి?

బాకీ సంగతంటారా, తర్వాతి వారం సగం పంపింది. మిగతా సగం గురించి మా మేనేజర్ అడిగిన మొదటి ప్రశ్న, "వాళ్ళాయన్ని కలిశావా?"