పరుగెత్తని వారికి పరుగులో పని

ఇంగ్లాండుకు వచ్చి నాలుగు నెలలైనా ఆఫీసులో తప్ప ఒక్కరూ తెలియదనీ, తెలుగువారి వాట్సాప్ గ్రూపు దాటి ఈ ఊరి మనుషులతో పరిచయం ఎలా పెంచుకోవాలో చెప్పమనీ కొత్తగా వచ్చినవారు నన్ను తరచుగా అడుగుతుంటారు. పదహారేళ్ళుగా ఇక్కడ ఉంటున్న నేను అందరికీ ఇచ్చే సమాధానం ఒక్కటే: శనివారం ఉదయం మీ దగ్గరి పార్కులో జరిగే పార్క్‌రన్‌కు వెళ్ళండి, పరుగెత్తడానికి కాదు, పని చేయడానికి. మన పెళ్ళిళ్ళలో బంతిలో కూర్చుని తిని వెళ్ళినవారు ఎందరో ఉంటారు గాని, వడ్డన చేసిన కుర్రవాడిని మాత్రం ఇరువైపులవారూ పేరు పెట్టి పిలుస్తారు. ఇక్కడ కూడా నాకు జరిగింది అదే.

పార్క్‌రన్ అంటే 5 కిలోమీటర్ల పరుగు. ఇంగ్లాండులో ప్రతి శనివారం ఉదయం 9 గంటలకు, స్కాట్లండులో 9:30కు మొదలవుతుంది. రుసుము లేదు, నడిచినా ఎవరూ కాదనరు. 2004 అక్టోబరు 2న లండన్‌లోని బుషీ పార్కులో పాల్ సింటన్-హెవిట్ దీన్ని మొదలుపెట్టినప్పుడు వచ్చిన పరుగరులు 13 మంది మాత్రమే. అప్పటికి ఆయన గాయపడి తాను పరుగెత్తలేని స్థితిలో ఉన్నారు. అయినా తోటి పరుగరులకు దూరం కాకూడదన్న కోరికతోనే ఆ ఏర్పాటు చేశారు. మొదలైన నాటి నుంచే, పరుగెత్తని మనిషికి ఇంత చోటు ఉన్న పరుగు ఇది. నేటికీ ప్రతి పార్కులో పనంతా స్వచ్ఛందంగా వచ్చినవారే చేస్తారు, తగినంత మంది దొరకకపోతే ఆ వారం పరుగు రద్దవుతుంది కూడా. కాబట్టి మీరు వస్తామంటే మొహమాటానికి సరేననరు, నిజంగానే సంతోషిస్తారు.

ముందుగా పార్క్‌రన్ వెబ్‌సైటులో ఉచితంగా నమోదు చేసుకుంటే మీకొక బార్‌కోడ్ వస్తుంది. అక్కడ పేరు రాసేటప్పుడు కాస్త ఆలోచించండి. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు, అసలు పేరు తారుమారై ఉండటం మామూలే గనుక, వారు మిమ్మల్ని ఏ పేరుతో పిలవాలని మీరు కోరుకుంటారో ఆ పేరే మొదటి పేరుగా ఇవ్వండి. లేకపోతే మీ ఇంటిపేరే మీ పేరుగా ఏళ్ళ తరబడి నిలిచిపోతుంది. తర్వాత మీ పార్కు బృందానికి, నాకు అనుభవం లేదు, ఏ పని ఇచ్చినా చేస్తాను అని రెండు వాక్యాల మెయిల్ పంపితే చాలు. పిల్లలున్నవారికి ఆదివారం ఉదయం 4 నుంచి 14 ఏళ్ళ వారి కోసం జరిగే 2 కిలోమీటర్ల జూనియర్ పార్క్‌రన్ కూడా ఉంది.

కొత్తవారికి సాధారణంగా మార్షల్ పని ఇస్తారు. మెరిసే పసుపు కోటు వేసుకుని మలుపు దగ్గర నిలబడి దారి చూపించడం, వచ్చే ప్రతి ఒక్కరికీ చప్పట్లు కొట్టడం, అందరికంటే వెనుక నడిచే టెయిల్ వాకర్ మిమ్మల్ని దాటి వెళ్ళేదాకా అక్కడి నుంచి కదలకపోవడం ఆ పని. ముందు వచ్చినవారికంటే చివరి పదిమందికి మీ చప్పట్ల అవసరం ఎక్కువ. నిలబడినవారికి చలి పరుగెత్తేవారికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా తెలుస్తుంది గనుక రెండు జతల మేజోళ్ళు, చేతి తొడుగులు, ఫ్లాస్కులో టీ లేకుండా నవంబరులో బయలుదేరకండి.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని టోకెన్లు ఇవ్వడం. దాని లోగుట్టు కొంత చెప్పాలి. ముగింపు గీత దగ్గర నిలబడినవారు ఒక్కొక్కరు గీత దాటినప్పుడల్లా ఫోనులో నొక్కుతారు. అందులో కాలం నమోదవుతుంది తప్ప ఆ కాలం ఎవరిదో తెలియదు. దాటినవారు తాళ్ళు కట్టిన సన్నని దారిలో వరుస తప్పకుండా నడిచివస్తే, చివర ఉన్న వ్యక్తి వారి చేతిలో వరుస సంఖ్య ఉన్న టోకెన్ పెడతారు. ఆ తర్వాత ఇంకొకరు పరుగరి బార్‌కోడ్‌నూ టోకెన్‌నూ స్కాన్ చేస్తారు. యాభై ఏడవ కాలం, యాభై ఏడవ టోకెన్, దాన్ని పట్టుకున్న మనిషి, ఈ మూడూ కలిస్తేనే ఫలితం. వరుసలో ఒకరు టోకెన్ తీసుకోకుండా పక్కకు జారుకున్నా ఆ వెనుక ఉన్న వారందరి కాలాలూ తప్పుతాయి. తొలినాళ్ళలో హార్డ్‌వేర్ దుకాణంలో కొన్న వాషర్లనే టోకెన్లుగా వాడేవారట.

నా మూడో వారంలో వాన పడుతుండగా తడిసిన రెండు టోకెన్లు అతుక్కుని ఒకరి చేతికే వెళ్ళాయి. పది మంది దాటాక గాని నేను గమనించలేదు. చెప్పనా వద్దా అని కాసేపు తటపటాయించాను. చిన్నప్పటి నుంచి తప్పు ఒప్పుకుంటే పరువు పోతుందన్న భయంతో పెరిగినవాళ్ళం మనం. చివరికి వెళ్ళి చెబితే, ఆ రోజు బాధ్యత చూస్తున్నావిడ ఏ సంఖ్య దగ్గర జరిగిందని మాత్రమే అడిగి, కాగితం మీద రాసుకుని, వెంటనే చెప్పినందుకు కృతజ్ఞతలు చెప్పింది. ఆ సంఖ్య తెలిసింది గనుక ఫలితాలు సరిదిద్దడం సులువైంది, దాచి ఉంటే వందల మంది కాలాలు తప్పుగా వెళ్ళేవి. ఇక్కడి ఆఫీసుల్లో పదేళ్ళు పనిచేసినా నాకు అంత స్పష్టంగా తెలియని సంగతి ఆ తడి గడ్డిలో తెలిసింది. మీరూ తప్పు జరిగిన క్షణంలోనే చెప్పండి. అలాగే, వస్తానని పేరు ఇచ్చాక రాలేకపోతే రెండు రోజుల ముందే తెలియజేయండి. చూస్తానండీ అనే మన మర్యాదమాటను వీరు వస్తానన్న మాటగానే తీసుకుంటారు. ఎవరినీ సర్, మేడమ్ అనకండి, డెబ్బై ఏళ్ళవారినైనా పేరుతోనే పిలవాలి. మొదట నోరు రాదు, నాలుగు వారాల్లో అలవాటవుతుంది.

ఇలా పని చేస్తే వీసాకు ఇబ్బంది అవుతుందేమోనన్న భయం న్యాయమైనదే. విద్యార్థి వీసాపై డిగ్రీ స్థాయి చదువులో ఉన్నవారికి తరగతులు జరిగే కాలంలో వారానికి 20 గంటల పరిమితి ఉంటుంది, జీతం లేని ఉద్యోగం కూడా ఆ లెక్కలోకే వస్తుంది. కాని ఒప్పందం, ప్రతిఫలం లేకుండా ధర్మాదాయ సంస్థకు చేసే ఇలాంటి స్వచ్ఛంద సేవ ఆ లెక్కలోకి రాదు. సందేహముంటే మీ విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని అడగండి. సందర్శకులుగా వచ్చిన తల్లిదండ్రులు సైతం, కేవలం ఆ సేవ కోసమే రానంతవరకు, నమోదైన ధర్మాదాయ సంస్థకు మొత్తం 30 రోజులకు మించకుండా సేవ చేయవచ్చు.

పరుగు ముగిశాక అందరూ కాఫీ దుకాణంలో కూర్చుని టోకెన్లను మళ్ళీ వరుసలో పేరుస్తారు. మొహమాటపడి ఇంటికి వెళ్ళిపోకండి, పరిచయాలు కలిసేది ఆ బల్ల దగ్గరే. మా నాన్నగారు రాజమండ్రిలో రైల్వే మెయిల్ సర్వీసులో ముప్పై ఒక్క ఏళ్ళు ఉత్తరాలు సార్టింగ్ చేసి రిటైరయ్యారు. ఇంగ్లీషులో మాట్లాడటానికి జంకే ఆయన, ఇక్కడికి వచ్చినప్పుడు ఆ బల్ల దగ్గర కూర్చుని, ముందు వందలుగా, తర్వాత పదులుగా కుప్పలు వేసి, మూడు వందల పైచిలుకు టోకెన్లను మిగిలినవారు టీ తాగేలోగా పేర్చి, 187 లేదు అని ఇంగ్లీషులోనే ప్రకటించారు. ఆ తర్వాత నాలుగు శనివారాలు టోకెన్ల పెట్టె నేరుగా ఆయన ముందుకే వచ్చింది. ఆయన తిరిగి వెళ్ళిన వారం ఆ పెట్టెను నా వైపు జరుపుతూ, మీ నాన్న మళ్ళీ ఎప్పుడు వస్తారని ఆ బల్ల చుట్టూ ఉన్న అందరూ అడిగారు.