క్యాంపులో ఏం పరీక్షో చెప్పకుండా సంతకం అడిగితే వద్దనొచ్చా?

బస్తీ క్యాంపులో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ స్క్రీనింగ్‌కి మీ అమ్మగారిని సంతకం పెట్టమన్నారు, వద్దంటే ఆరోగ్యశ్రీ పోతుందేమోనని కదా మీ టెన్షన్. పోదు. చేయించుకోవడం, మానుకోవడం ఆమె ఇష్టం.

మా అత్తమ్మకు రెండేళ్ల కింద ఇదే అయింది, హైదరాబాద్‌లోనే. బీపీ, షుగర్ చూస్తారంటే కమ్యూనిటీ హాల్‌కి వెళ్లాం. లైన్లో ఉండగానే ఇంగ్లీషు ఫారం, పక్కన ఇంకు ప్యాడ్. అత్తమ్మకు చదవడం, సంతకం రెండూ వచ్చు. అడిగినవాళ్లెవరు? బొటనవేలు పట్టుకుని ప్యాడ్ మీద అద్దేశారు. నేను ఫోన్ చూసుకుంటున్నా, అది నా తప్పే. తెర వెనక బల్ల మీద పడుకోమన్నాక గానీ ఏం పరీక్షో ఆమెకు తెలియలేదు. దిగి వచ్చేసింది. నీలం సిరా అంటిన వేలిని కొంగుతో తుడుచుకుంటూ "షుగర్ చూస్తమని గిదేంది బిడ్డా" అంది.

నెల తర్వాత వేరే దవాఖానాలో ఒక సిస్టర్ కూర్చోబెట్టి చెప్పింది. పలచటి ఎసిటిక్ యాసిడ్, అంటే వెనిగర్ లాంటిది, పూసి ఒక నిమిషం ఆగి చూస్తారట. తెల్లమచ్చ కనబడితే క్యాన్సర్ అని కాదు, ఇంకా చూడాలని అర్థం. అత్తమ్మ ఒప్పుకుని చేయించుకుంది. కాబట్టి పరీక్షను తిట్టకండి. 30 దాటిన ఆడవాళ్లకు అది పనికొచ్చేదే.

మచ్చ కనబడితే అదే పూట వైద్యం చేస్తారా అని మాత్రం ముందే అడగండి. కొన్నిచోట్ల వేడితోనో, బాగా చల్లబరిచి గడ్డకట్టించో అక్కడికక్కడే ఆ మచ్చ తీసేస్తారు. పరీక్షకు ఒప్పుకుంటే వైద్యానికీ ఒప్పుకున్నట్టు కాదని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

అమ్మగారి బదులు మీరు సంతకం పెట్టకండి. 2009లో ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా (ఇదే క్యాన్సర్ రాకుండా వేసేది) ప్రాజెక్టు జరిగినప్పుడు హాస్టల్ ఆడపిల్లల ఫారాల మీద తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో ప్రాజెక్టు ఆపేశారు, విషయం పార్లమెంటు దాకా వెళ్లింది. ఆ వార్డెన్లు కూడా పిల్లల మంచికే అనుకుని ఉంటారు.

ఫారం అర్థం కాకపోతే ఫోటో తీసుకుని "ఇంట్లో చదివి వస్తాం" అనండి. ఆశా మీద అరవకండి, ఆమె పైవాళ్లు చెప్పినట్టు జనాన్ని పోగుచేయాలి. మాకు ఆ రెండో దవాఖానా చెప్పింది మా ఆశానే.