72,000 పెట్టి గ్రామఫోన్ ప్లేట్లు కడిగే మిషన్ కొనాలా?

ప్రశ్న: మాది హన్మకొండ. నా జీతం చేతికి 68,000 వస్తుంది. ఇంటి లోన్ కిస్తీ 21,000, ఇంటి ఖర్చు 28,000, చిట్టీ 5,000. చిట్టీ రెండు లక్షలది, 40 నెలల్లో 14 అయిపోయాయి, ఇంకా ఎత్తలేదు. బ్యాంకులో 90,000 ఉన్నాయి. క్రెడిట్ కార్డు మీద 38,000 బాకీ ఉంది, నెలకు 2,000 దాకా మినిమం కడుతున్నాను. పాప పదో తరగతి. మా బాపు కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసి రిటైర్ అయ్యారు, ఇప్పుడు 76 ఏళ్లు. ఆయన కూడబెట్టిన గ్రామఫోన్ ప్లేట్లు 310 ఉన్నాయి. 180 ఎల్పీలు (ఎక్కువ పాటలు పట్టే పెద్ద ప్లేట్లు), 40 ఈపీలు (చిన్నవి), 90 పాత 78లు (నిమిషానికి 78 సార్లు తిరిగేవి). 2023 జూలై వానలకు కింది గదిలోకి నీళ్లొచ్చి కొన్ని బురదలో తడిశాయి, చాలావాటికి బూజు పట్టింది. ఏది వేసినా కరకరమంటోంది. హైదరాబాద్‌లో ఒక షాపులో వాక్యూమ్‌తో కడిగే మిషన్ 72,000 చెప్పారు. 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఉందట, ఒకేసారి కడితే 68,000కే ఇస్తారట. చేత్తో తిప్పి కడిగే తొట్టి 9,000 ఉంది. చిట్టీ ఎత్తి మిషన్ కొనేద్దామా? బయటివాళ్ల ప్లేట్లు కడిగి కొంత రాబట్టుకోవచ్చు కదా?

జవాబు: మీ బాపు ప్లేట్ల మీద పెట్టే డబ్బును నేను దుబారా అనను. 76 ఏళ్ల మనిషి తన వయసులో కొనుక్కున్న పాటల్ని మళ్లీ శుభ్రంగా వినాలనుకోవడం ఇంట్లో చేసే ఏ ఖర్చుకీ తీసిపోదు. అయినా ఈ మిషన్ ఇప్పుడు కొనొద్దనే చెబుతున్నాను.

ముందుగా ఆ కరకర సంగతి చూద్దాం, 72,000 ప్రశ్న అంతా దాని మీదే ఆధారపడి ఉంది. మీరు అన్ని ప్లేట్లనూ ప్లేయర్‌లో ఒకే ముల్లుతో వేస్తున్నారా? 78 ప్లేటు గాడి, అంటే ముల్లు నడిచే సన్నటి కాలువ, ఎల్పీ గాడి కంటే దాదాపు మూడు రెట్లు వెడల్పు. ఎల్పీ ముల్లు అందులో అడుగుకు జారిపోయి, అక్కడున్న దుమ్మునే గీకుతూ పోతుంది. ఆ ప్లేటును ఎంత కడిగినా చప్పుడు పూర్తిగా పోదు, దానికి వేరే ముల్లు కావాలి. ఎల్పీల సంగతికొస్తే, వజ్రపు ముల్లయినా 500 నుంచి 1,000 గంటలు తిరిగేసరికి అరుగుతుంది. అరిగిన ముల్లు చప్పుడు చేయడమే కాదు, మంచి ప్లేటు గాడిని కూడా కోసేస్తుంది. మీ ముల్లు మార్చి ఎన్నేళ్లయిందో ఉత్తరంలో రాయలేదు. నాలుగు వేల ముల్లుతో తీరే ఇబ్బందికి 72,000 పెట్టి, ఆ తర్వాత కూడా కరకర వినిపిస్తే మీ ఇద్దరికీ బాధే. గీతలు పడినవి, వంగిపోయినవి ఏ మిషన్‌తోనూ బాగుపడవన్నది కూడా లెక్కలో పెట్టుకోండి.

మిషన్ పని తీరు మంచిదే, అందులో సందేహం లేదు. ద్రవం పోసి, బ్రష్‌తో గాళ్లు రుద్ది, ఆ మురికి నీటిని వాక్యూమ్‌తో పీల్చేస్తుంది. మురికి మళ్లీ గాడిలో ఆరిపోయే అవకాశం ఉండదు, దాని గొప్పతనం అదే. తొట్టిలో అయితే ప్లేటును నిలబెట్టి బ్రష్‌ల మధ్య తిప్పుతాం, తర్వాత మెత్తటి గుడ్డతో ఒత్తి స్టాండు మీద ఆరబెడతాం. ఓపిక ఎక్కువ కావాలి, ఫలితం కొంచెం తక్కువ.

ఇప్పుడు లెక్క. 78లు పక్కన పెడితే కడగాల్సినవి 220. మిషన్‌తో ప్లేటుకు 327 రూపాయలు, తొట్టితో 41 రూపాయలు. ప్లేటుకు ఐదు నిమిషాలు వేసుకున్నా మిషన్ పని మొత్తం 18 గంటల్లో అయిపోతుంది. ఒకసారి బాగా కడిగి కొత్త లోపలి కవర్లో పెట్టిన ప్లేటుకు మళ్లీ ఏళ్ల తరబడి తడి కడుగుడు అక్కర్లేదు, వేసే ముందు కార్బన్ ఫైబర్ బ్రష్‌తో దుమ్ము తుడిస్తే చాలు. అంటే 18 గంటల పని కోసం 72,000 పెడుతున్నారు, ఆ తర్వాత మిషన్ మూలన కూర్చుంటుంది. మీరు నెలనెలా పాత ప్లేట్లు కొంటూ ఉంటే, ఇంట్లో వెయ్యి ప్లేట్లు ఉంటే నా జవాబు వేరేగా ఉండేది. మీరు కొత్తగా కొంటున్నట్టు ఎక్కడా రాయలేదు. తొట్టితో ఆదివారానికి పది చొప్పున కడిగితే 22 ఆదివారాలు పడుతుంది. మీ బాపు పక్కన కూర్చుని ఈసారి ఏవి కడగాలో చెబుతుంటే అది భారమైన పనేం కాదు.

నో కాస్ట్ ఈఎంఐ అన్నారు. ఒకేసారి కడితే 68,000, కిస్తీల్లో 72,000. ఆ 4,000 వడ్డీయే, లెక్కేస్తే ఏడాదికి దాదాపు 11 శాతం. వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు సాధారణంగా బిల్లులో విడిగా పడతాయి. నెలకు 6,000 అంటే మీకు మిగిలే 12,000లో సగం.

చిట్టీ ఎత్తడం నాకు అస్సలు నచ్చలేదు. ఇప్పుడు చిట్టీ వేలం పాటలో 40,000 తగ్గించుకుని పాడారనుకుందాం, చేతికి 1,60,000 వస్తుంది. చివరిదాకా ఆగితే 5 శాతం కమిషన్ పోను 1,90,000. మిషన్ కోసం తొందరపడితే 30,000 పోయినట్టే. అందరికీ పంచే పాట లాభం ఎత్తినా ఎత్తకున్నా వస్తుంది కాబట్టి దాన్ని లెక్కలో కలపలేదు. పైగా ఎత్తిన చిట్టీకి జామీను చూపించాలి, మిగిలిన 26 నెలలూ కట్టాలి. ఇంకో సంగతి గమనించారా? ఆ 26 నెలలు అయ్యేసరికి పాప ఇంటర్ అయిపోతుంది. పెద్ద ఫీజు కట్టాల్సిన రోజుకు సరిగ్గా చేతికందే డబ్బు అది. దాన్ని ముట్టుకోకండి.

నిజానికి మీ ఉత్తరం చదివి నేను టెన్షన్ పడింది కార్డు బాకీ చూసి. నెలకు మూడున్నర శాతం వడ్డీ అనుకుంటే 38,000 మీద 1,330 రూపాయలు. మీరు కట్టే 2,000లో అసలుకు పోయేది 700 కూడా లేదు. అదే సమయంలో బ్యాంకులో 90,000 ఏడాదికి రెండున్నర, మూడు శాతానికి పడి ఉంది. రేపే అందులోంచి 38,000 తీసి కార్డు మొత్తం కట్టేయండి. 52,000 మిగులుతుంది. అది మీకు ఒక నెల ఖర్చుకు కూడా పూర్తిగా సరిపోదు, కాబట్టి వెంటనే మళ్లీ పెంచాలి. కార్డుకు కట్టే 2,000 ఆగిపోయాక మీకు నెలకు 14,000 మిగులుతుంది. అందులో 9,000 అత్యవసర నిధికి, 5,000 బాపు ప్లేట్లకు. కనీసం మూడు నెలల ఖర్చు, అంటే 1,62,000 చేరేదాకా ఆ 9,000 ఆపొద్దు. 76 ఏళ్ల పెద్దాయన ఉన్న ఇంట్లో రాత్రికి రాత్రి ఆసుపత్రికి పరుగెత్తాల్సి రావచ్చు, ఆయనకు రైల్వే వైద్య సదుపాయం ఉన్నా సరే.

ప్లేట్లకు నెలకు 5,000 చొప్పున నాలుగు నెలలంటే 20,000. మొదటి నెల ముల్లు, 4,000 అనుకుందాం. మిగిలిన వెయ్యికి రెండో నెల 5,000, మూడో నెల కొంత కలిపితే తొట్టి వస్తుంది. 220 లోపలి కవర్లు 25 చొప్పున 5,500. డిస్టిల్డ్ వాటర్, గుడ్డలు మిగతా డబ్బులో వస్తాయి. బోరు నీళ్లతో మాత్రం కడగకండి. మన బకెట్ల అంచున తెల్లగా పేరుకునే ఉప్పే గాడిలోనూ పేరుకుంటుంది. బురదలో తడిసి ఆరినవాటిని అలాగే పొడిగా బ్రష్‌తో రుద్దకండి, ఇసుక రేణువులు గీతలు పెడతాయి. ముందు నీళ్లు ధారగా పోసి మట్టిని నాననిచ్చి వదిలించాలి, మధ్యలో లేబుల్ తడవకుండా చూసుకోవాలి. బూజు పట్టిన పాత లోపలి కవర్లను మళ్లీ వాడొద్దు, కడిగిన ప్లేటుకు బూజు తిరిగి అంటుకుంటుంది.

ఆ 90 పాత ప్లేట్ల గురించి ఒక్క మాట, ఇది నా అనుభవంతో చెబుతున్నది. ఎల్పీ, మన పైపులు చేసే పీవీసీ రకం. 78 అలా కాదు, సాధారణంగా లక్క కలిపి చేసింది. వడ్రంగి లక్కను స్పిరిట్‌లో కరిగించి చెక్కకు పాలిష్ పెట్టడం మీరు చూసే ఉంటారు. అదే స్పిరిట్ 78 మీద పడితే ప్లేటు పైపొర కరుగుతుంది. మా మేనమామ ఇంట్లో ఒక నాటకం పద్యాల ప్లేటును నేను స్పిరిట్‌తో తుడిచి పాడుచేశాను, అది మళ్లీ దొరకలేదు. ఎల్పీల కోసం అమ్మే కొన్ని ద్రవాల్లో ఆల్కహాల్ ఉంటుంది. సీసా మీద చదవకుండా 78ల దగ్గరికి తీసుకెళ్లకండి. వాటిని చివరికి ఉంచి, ఆల్కహాల్ లేని ద్రవంతో ఒక్కొక్కటిగా తుడవండి, నీళ్లలో నానబెట్టొద్దు.

బయటివాళ్ల ప్లేట్లు కడిగి సంపాదించడం కుదిరే పని కాదు. ప్లేటుకు 50 తీసుకున్నా మిషన్ ఖరీదు రావాలంటే 1,440 ప్లేట్లు కడగాలి. ఎవరి ఇంటి జ్ఞాపకమో మీ చేతిలో విరిగితే డబ్బుతో సర్దలేరు. దానికంటే వరంగల్, కరీంనగర్ వైపు ప్లేట్లున్న మరో ఇద్దరు తెలిస్తే ముగ్గురూ కలిసి 68,000 నగదుకు కొనండి, మనిషికి 23,000 లోపు. రిపేరుకు హైదరాబాద్ తీసుకెళ్లే ఖర్చు ఎవరిది, మిషన్ ఎవరింట్లో ఉంటుంది అన్నది కాగితం మీద రాసుకోండి. విదేశం నుంచి ఎవరైనా చవకగా తెస్తామంటే అది మన 230 వోల్టుల కరెంటుకు పనిచేస్తుందో లేదో ముందే అడగండి.

ఇప్పుడు ఆగమంటున్నాను కదా అని బాపును ఆగమనట్లేదు. ఈ వారంలోనే ఆయనకు బాగా ఇష్టమైన ఎల్పీలు ఐదు తీయించండి. ప్లేయర్ చేయి చివర ముల్లు బిగించి ఉండే కార్ట్రిడ్జ్ మీద ఉన్న కంపెనీ పేరు, నంబరు ఫోన్‌లో ఫోటో తీసుకుని ముల్లు ఆర్డర్ పెట్టండి. అది వచ్చాక ఆ ఐదింటినీ చేత్తోనే డిస్టిల్డ్ వాటర్‌తో మెత్తగా కడిగి ఆరబెట్టి ఆయనకు వినిపించండి. కరకర తగ్గిందో లేదో ఆయన చెవికే తెలుస్తుంది. తగ్గితే రెండో నెల 5,000తో తొట్టికి డబ్బు పోగుచేయడం మొదలుపెట్టండి. తగ్గకపోతే ఆ తొట్టి కూడా కొనకుండా నాకు మళ్లీ రాయండి.